నేను ఖాళీ అన్న ఇల్లు

"మొదటిసారే నీ పేరు రాయాల్సిందమ్మా," అన్నాడు సారు.

"బస్సు కదుల్తున్నది సారు, ఎక్కు," అన్నాను నేను.

ఇబ్రహీంపట్నం డిపో ముందర మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. ఏడాదిన్నర ఒకే స్కూటర్ మీద ఊరూరా తిరిగిన మనుషులం. ఇంకో మంచి మాట ఏదైనా అనాల్సింది.  ఆయన ఎక్కాడు, బస్సు పోయింది, నేను ఆఫీసుకు వెళ్లి బల్లలు తుడిచాను.

రాయి బిడ్డా, అక్కడ ఆగకు. రాస్తున్నది మా అన్న బిడ్డ, నా మేనకోడలు. నాకు వచ్చిన అక్షరాలు రెండే రకాలు, నా సంతకం, బస్సు మీద మా ఊరి పేరు. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు చదువుతారని నన్ను పట్టి కూర్చోబెట్టింది. నేను పోయిన, వచ్చిన అంటే తను వెళ్లాను, వచ్చాను అని రాస్తోంది. అచ్చులో అట్లాగే ఉండాలట. ఉండనీ.

మా ఆయన మార్కెట్ యార్డులో బస్తాలు మోసేవాడు. ఆయన పోయేనాటికి నాకు ఇద్దరు పిల్లలు, చేతిలో పనేమీ లేదు. సాగర్ రోడ్డు మీద ఎరువుల దుకాణం పైన ఒక ఫైనాన్స్ కంపెనీ ఆఫీసు పెట్టింది. ఊడవడం, నీళ్లు పట్టడం, చాయ్ పెట్టడం నా పని. ఇళ్లకు అప్పులివ్వడం వాళ్ల పని.

అప్పుడు హైదరాబాద్ పొంగుతోంది. పొంగిన పాలు పొయ్యి దాటి వచ్చినట్టు మా దాకా వచ్చింది. చేనులో రాళ్లు పాతి ప్లాట్లన్నారు. కాలేజీలు వచ్చాయి, కంపెనీలు వచ్చాయి. పిల్లలు ఉండటానికి రూములు కావాలి కదా. గజం జాగా ఉన్నవాడల్లా రూములు కట్టడం మొదలుపెట్టాడు. కట్టేవాళ్లలో సగం మందికి జీతం చీటీ లేదు. మేస్త్రీలు, పాలవాళ్లు, దర్జీలు. బ్యాంకుకు వెళ్తే నీ సంపాదన కాగితం ఏదీ అని పంపించేస్తారు. మా కంపెనీ ఇంకో రకం అప్పు తెచ్చింది. దానికి మనిషి సంపాదన అక్కర్లేదు. ఇల్లు సంపాదిస్తే చాలు.

మా మేనేజరు కొత్తవాళ్లకు ఒకటే చెప్పేవాడు. "ఓనరు మొహం చూడకండి, ఇంటి మొహం చూడండి. ఇల్లు తన కిస్తు తనే కట్టుకోవాలి." కిస్తు నాలుగు రూపాయలైతే కిరాయి ఐదు రావాలి. ఆ పై రూపాయి ఎందుకంటే, ఒక రూము ఖాళీ పడుతుంది, మోటారు కాలిపోతుంది, ఎవడో కిరాయి ఎగ్గొట్టి పోతాడు. చీపురు పట్టుకుని వినీ వినీ ఆ పాఠం నాకూ వచ్చేసింది.

రూముల్లో నిజంగా మనుషులున్నారా, కిరాయి నిజంగా వస్తోందా అని వెళ్లి చూసి రాసేవాడు మా సారు. కోస్తా వైపు మనిషి. తుర్కయాంజాల్‌లో కిరాయికి ఉండేవాడు, భార్య, చిన్న ఆడపిల్ల. కాగితాల్లో ఉద్దండుడు. ఆడవాళ్లు ఉన్న ఇంటి ముందు నిలబడాలంటే మాత్రం చెమటలు పట్టేవి.

"అమ్మా, నన్ను చూస్తే తలుపులు తీయట్లేదు వాళ్లు. నువ్వొకసారి నాతో వస్తావా?" అని అడిగాడు ఒక రోజు.

వెళ్లాను. మూడంతస్తుల ఇల్లు, మెడలో గొలుసు వేసుకున్న ఓనరు. రూము రూముకూ సంసారం ఉంది. పొయ్యి మీద గిన్నె ఉంది, దండెం మీద చీర ఉంది. పది మంది కిరాయిదారుల అగ్రిమెంట్లు స్టాంపు కాగితాల మీద ఉన్నాయి. సారు మురిసిపోయాడు. నేను ఒకామెను మంచినీళ్లు అడిగాను. ఆమె గ్లాసు కోసం మూడు అరలు వెతికింది. తన వంటింట్లో గ్లాసు ఎక్కడుందో తెలియని ఆడది ఉంటుందా? వెనక్కి వెళ్లి మోరి, వంటింటి నీళ్లు పోయే కాలువ, చూశాను. ఎండిన సిమెంటు తప్ప ఒక్క మెతుకు లేదు.

"సారు, ఈడ ఎవ్వలు ఉంటలేరు."

"పది అగ్రిమెంట్లు ఉన్నాయమ్మా."

"ఉండనియ్. అన్నం వండితే గంజి పోవాలె గదా. యాడ పోయింది?"

ఆ తర్వాత సారు నన్ను వదిలితే ఒట్టు. పొద్దున ఊడ్చి, చాయ్ పెట్టి, పదకొండు గంటలకు స్కూటర్ ఎక్కేదాన్ని. అబ్దుల్లాపూర్‌మెట్ దాకా తిరిగాం. సారు ముందు గుమ్మంలో కాగితాలు చూసేవాడు, నేను వెనక మోరి చూసేదాన్ని. ఎన్ని అబద్ధాలు పట్టామో లెక్క లేదు. ఆఫీసులో నాకు 'మోరి మేడం' అని పేరు పెట్టారు. ఎగతాళికే పెట్టారు. నాకు లోపల లోపల బాగానే ఉండేది.

రిపోర్టు మీద మాత్రం సారు పేరే ఉండేది. ఊడ్చే మనిషిని తీసుకెళ్తున్నట్టు పైవాళ్లకు తెలియకూడదు. మేనేజరుకు తెలుసు, తెలియనట్టు ఉండేవాడు. "నా పేరు గూడ రాయరాదు సారు," అన్నాను ఒకసారి నవ్వుతూ.

"చీపురు పట్టే చేతికి సంతకాల గొడవ ఎందుకమ్మా," అన్నాడు. ఆయనా నవ్వాడు. నేనూ నవ్వాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నా.

ఊరి చివర, కాలేజీల దారిలో, ఒకామె పన్నెండు రూముల ఇల్లు మీద అప్పు కోసం వచ్చింది. ఆమె భర్త మేస్త్రి. పగలు జనం ఇళ్లు కట్టి, మిగిలిన పూట తన ఇల్లు కట్టుకున్నాడు. పై అంతస్తు వేస్తున్నప్పుడు నిలబడి పనిచేసే గోవ కర్రల మీది నుంచి పడ్డాడు. నడుము పోయింది. దవాఖానకూ, స్లాబుకూ కలిపి ఊళ్లో ఒకాయన దగ్గర అప్పు తెచ్చారు. ఆయన ఊరికే ఇవ్వలేదు, ఇంటి అమ్మకం అగ్రిమెంటు రాయించుకున్నాడు. నెలాఖరుకు పైకం చెల్లించకపోతే ఇల్లు ఆయన పేరుకు మారిపోతుంది. మా కంపెనీ అప్పిస్తే ఆయనకు పారేసి, కిరాయిలతో మాకు కిస్తులు కట్టుకుంటుంది. లేకపోతే మంచంలో ఉన్న మనిషితో సహా రోడ్డు మీదికే.

ఇదంతా నాకు అప్పుడే తెలుసు. ఆమె మా మెట్ల మీద కూర్చుని చెప్పింది. తెలిసీ చేశాను కాబట్టే చెబుతున్నా.

ఫలానా రోజు వస్తామని ఆఫీసు నుంచి ఫోన్ చేశారు. మేం వెళ్లేసరికి వాకిట్లో ఇంత పొడుగు ముగ్గు. రెండు కుర్చీలు ఎక్కడినుంచో అరువు తెచ్చి వేసింది. ఆమె భర్త మంచంలోంచే దండం పెట్టాడు. నేను ఎప్పటిలాగే వెనక్కి వెళ్లాను.

మోరి కడిగిన బియ్యంలా తెల్లగా ఉంది. రెండు వైపులా సున్నం గీతలు. దండెం మీద ఒక్క గుడ్డ లేదు. గుమ్మాల ముందు ఒక్క చెప్పు లేదు. కిటికీలన్నీ మూసి ఉన్నాయి, తలుపులన్నిటికీ తాళాలు. ఒక్క రూము తీసి చూపించింది. అందులో గోడలు తప్ప ఏమీ లేవు.

"మిగతా రూములు?" అన్నాడు సారు.

"తాళంచెవులు వాళ్ల తాననే ఉన్నయి సారు."

"అగ్రిమెంట్లు?"

"నోటి మాటనే సారు. ఒకటో తారీఖు తెచ్చిస్తరు."

సారు నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను.

మెట్ల కింద నీళ్ల మోటారు ఉంది. కొంగు సర్దుకుంటూ చేయి ఆనించాను. వేడిగా కాలింది. పక్కనే సంపు మూత పక్కకు జరిగి ఉంది. తొంగి చూస్తే అడుగున జానెడు నీళ్లు. మనుషులే లేని ఇంట్లో ఇంత సంపు పొద్దున్నే ఎవరు ఖాళీ చేశారు?

దారిలో సారుతో చెప్పాను. స్కూటర్ పక్కకు ఆపాడు.

"మోరి కడగడానికి వాడి ఉంటారమ్మా."

"అయుండొచ్చు," అన్నాను. అది కాదని నాకు తెలుసు. ఆ నీళ్లతో వీధి మొత్తం కడగొచ్చు.

"రెండు రకాలుగా రాస్తే పైవాళ్లు నన్నే నిలదీస్తారు. ఇంతకుముందే ఒక అప్పు మునిగింది నా చేతిమీద. నా ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు, నీకు తెలుసుగా. ఒక్క మాట చెప్పు. ఉన్నారా, లేరా?"

"లేరు," అన్నాను.

ఎందుకన్నానంటే, మోరి మేడం తప్పు చెప్పదు కాబట్టి. అంతకంటే వేరే కారణం లేదు. మోటారు వేడి అరచేతిలో ఇంకా ఉంది, అయినా అన్నాను. ఆ సాయంత్రం సారు రిపోర్టు రాస్తుంటే నేను పక్కనే చాయ్ పోస్తున్నాను. ఏం రాశావని నేను అడగలేదు. వినమ్మా అని ఆయన అనలేదు.

వారం తర్వాత ఆమె వచ్చింది. నేను మెట్లు తుడుస్తున్నాను. ఒక చేతిలో కంపెనీ కవరు, ఇంకో చేతిలో స్టీలు డబ్బా.

"అక్కా, మేనేజరు పెద్దసారు ఉన్నడా?"

"ఇంకా రాలే. ఏందది?"

"అప్పు ఇయ్యలేమని రాసిన్రట. ఇల్లు ఖాళీగ ఉన్నదట. మా రూముల ఉండే పిల్ల చదివి చెప్పింది."

తడిగుడ్డ చేతిలోనే ఉండిపోయింది. "రూముల ఉండే పిల్లా?"

"అవ్. కంపెనీకి పోతది. పదకొండు రూములల్ల మంది ఉన్నరు గదక్కా."

"మరి మేమొచ్చిన దినం ఒక్కలు కనవడలే?"

"నేనే పంపిన," అంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె మొహంలో కొంచెం గర్వం కూడా ఉంది. "పెద్దోళ్లు వస్తరంటిరి. పెండ్లిచూపుల లెక్క చెయ్యాలె గదా. బట్టలన్ని తీపిచ్చిన, చెప్పులు లోపల పెట్టిపిచ్చిన. కింద రూముల పిల్లలు లొల్లి చేస్తరని తల్లులతోని అంగడికి తోలిన. రాత్రి డ్యూటీ చేసొచ్చిన పిల్లలు పడుకుంటమంటే, గీ ఒక్క పూట చెరువు కట్ట మీద కూసోండ్రి, మీకు పుణ్యముంటదని బతిలాడిన. మోరి నా చేతులతోనే రాకిన అక్కా, గోర్లు అరిగినయి చూడు."

చూశాను. గోళ్ల చుట్టూ సున్నం తిన్న మచ్చలు ఇంకా ఉన్నాయి.

"ఖాళీ రూము ఒక్కటే తీసి ఎందుకు చూపెట్టినవ్?"

"అదొక్కటే సాఫ్‌గ ఉండె. మిగతవాట్ల పోరగాండ్ల సామాన్లు, ఏం చూస్తరు?" గొంతు తగ్గించింది. "సారుకు కోపమొచ్చిందా అక్కా? ఆ దినం చాయ్ ఇయ్యలే. పాలు ఇరిగిపోయినయి. అందుకేనా? సర్వపిండి చేసి తెచ్చిన, ఇంత నువ్వే ఇయ్యరాదు."

అబద్ధమాడేవాళ్లు లేని మనుషుల్ని తెచ్చి చూపించేవాళ్లు. ఈ పిచ్చిది ఉన్న మనుషుల్ని దాచిపెట్టింది, మర్యాద కోసం. ఏడాదిన్నరలో నాకు అట్లాంటి మనిషి తగలలేదు. నెలాఖరుకు పదిహేను రోజులుంది.

సారు రాగానే వెనక బాల్కనీలోకి పిలిచి అంతా చెప్పాను. వింటూ వింటూ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు.

"ఇప్పుడు ఉన్నారని రాస్తే ఎంత తిన్నావని అడుగుతారమ్మా. ఖాళీ అని ఎట్లా రాశావంటే ఏం చెప్పను? ఊడ్చే ఆవిడ చెప్పిందని చెప్పనా?"

"చెప్పు."

"నీ ఉద్యోగం కూడా పోతుంది."

నా పెద్దోడు అప్పుడు ఏడో తరగతి.

"చూద్దాం," అన్నాడు. ఆఫీసుల్లో ఆ మాటకు అర్థం మీకూ తెలిసే ఉంటుంది.

రెండు రోజులు ఆయన నా వైపు చూడలేదు. నేను మేనేజరు చాయ్‌లో రెండుసార్లు చక్కెర వేశాను. మెట్ల మీద అడుగుల చప్పుడైతే ఆమేనని వంటగదిలోకి వెళ్లిపోయేదాన్ని. సర్వపిండి ఎవరూ తినలేదు, డబ్బా నా చీపుళ్ల పక్కనే ఉంది. దాన్ని చూడకుండా చీపురు తీయడం నేర్చుకున్నాను. ఇంట్లో పిల్లలకు అన్నం పెడుతూ, ఆ పన్నెండు రూముల్లో మొదటి రూము నుంచి చివరి రూము దాకా లెక్కపెట్టుకునేదాన్ని. మాది ఒకటే రూము, రేకులది. అదీ కిరాయిదే. మమ్మల్ని ఎవరన్నా ఖాళీ అని రాస్తే ఎట్లా ఉంటుంది?

మూడో రోజు సాయంత్రం సారు స్కూటర్ తీస్తుంటే అడ్డంగా నిలబడ్డాను.

"సారు, పొద్దుగాల ఐదు గంటలకు నేను ఆ ఇంటికి నడిచి పోత. ఫోన్ చేసేది లేదు, చెప్పేది లేదు. వస్తే రా. రాకపోతే నేనే లెక్కవెట్టి పెద్దసారు ముంగట నిలవడ్త."

స్కూటర్ పక్కకు తిప్పుకుని వెళ్లిపోయాడు.

తెల్లారకముందే వెళ్లాను. గేటు ముందు స్కూటర్ ఉంది. ఆయన దాని మీద కూర్చుని ఉన్నాడు, మఫ్లరు చుట్టుకుని, చంకలో నోటుబుక్కు.

లోపల మోటారు మోగుతోంది. బకెట్లు వరుసగా ఉన్నాయి. పళ్లు తోముకుంటున్న కాలేజీ పిల్లలు, జడలు వేసుకుంటున్న కంపెనీ ఆడపిల్లలు. ఒకతను స్టవ్ మీద ఉప్మా కలుపుతూ "నా బకెట్ ఎవడు జరిపిండు రా?" అని అరుస్తున్నాడు. కింద రూములో చంటిపిల్ల ఏడుస్తోంది. దండెం కనిపించట్లేదు, దాని మీద బట్టలే. మోరిలో గంజి, సబ్బు నురగ, ఉల్లిపొట్టు, ఎవరిదో తెగిన హవాయి చెప్పు. ఇంత మురికి చూసి నేను ఎన్నడూ అంత సంతోషపడలేదు.

ఆమె కొంగు దోపుకుని, చేతిలో చీపురుతో మమ్మల్ని చూసి కొయ్యబారిపోయింది.

"అయ్యో, గిట్లొస్తరా సారు? మోరి గూడ కడుగలే."

"కడగకమ్మా," అన్నాడు సారు. "దండం పెడతా, ఇవాళ కడగకు."

కంపెనీ బస్సు వచ్చేలోపు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లాడు. ఎన్నాళ్ల నుంచి ఉంటున్నారు, కిరాయి ఎంత అని వాళ్ల చేతనే రాయించి సంతకం పెట్టించాడు. పదకొండు రూములు, ముప్పై ఒక్క మంది. అక్కడే గచ్చు మీద కూర్చుని లెక్క కూడాడు. కిస్తు పోను పై రూపాయి కూడా మిగులుతోంది. ఉప్మా అబ్బాయి, "సారు, మమ్మల్ని ఖాళీ చేయిస్తరా ఏంది?" అని అడిగాడు. లేదు బాబూ, నిన్ను ఉన్నావని రాస్తున్నా అన్నాడు సారు.

రెండో రిపోర్టు రాశాడు. మొదటిది తప్పని రాశాడు. లోపలికి వెళ్లి చూసింది తాను కాదని, ఆఫీసు పనిమనిషి చెప్పిన మాట రాశానని, ఆమె అనుమానం కూడా చెప్పిందని, దాన్ని తాను వదిలేశానని రాశాడు. ఈసారి నా పేరుంది. చదివి వినిపించాడు. కింద సంతకం పెట్టమన్నాడు. పెట్టాను.

అనుకున్నంతా అయింది. సిటీ ఆఫీసు వాళ్లు ఒకే ఇంటికి రెండు రిపోర్టులేంటని సారును పిలిపించారు. ఎంత ముట్టిందని అడిగారట. మేనేజరు నాకేమీ తెలియదన్నాడు. నన్ను కూడా పిలిచి, "సైట్లకు వెళ్లమని నీకెవరు చెప్పారు?" అన్నాడు. రోజూ నేను స్కూటర్ ఎక్కుతుంటే చూసీ చూడనట్టు ఉన్న మనిషే. "ఎవ్వలు చెప్పలే, నేనే పోయిన సారు," అన్నాను. నన్ను తీసేయలేదు. అంత తక్కువ జీతానికి ఇంకొకరు దొరకరని తెలుసు. సైట్లకు మాత్రం మళ్లీ వెళ్లొద్దన్నారు.

మూడో మనిషిని పంపి చూపించుకున్నారు. ఆయన పదకొండు రూముల్లో ఎనిమిదింటి కిరాయినే లెక్కలోకి తీసుకున్నాడు. అప్పు అడిగినంత రాలేదు. తక్కువ పడ్డదానికి ఆమె మెడలోది, చేతులవి అమ్మింది. నెలాఖరు ఇంకో రోజుందనగా అమ్మకం అగ్రిమెంటు చేతికి తీసుకుని, పొయ్యిలో పెట్టి దాని మీద చాయ్ కాచిందట. ఈసారి పాలు విరగలేదని కబురు పంపింది.

సారు ఉద్యోగం పర్మనెంట్ కాలేదు. నెల తిరక్కుండా వెళ్లిపొమ్మన్నారు. స్కూటర్ అమ్మేసి, భార్యాబిడ్డల్ని ముందే ఊరికి పంపి, రావాల్సిన జీతం లెక్క తీసుకోవడానికి చివరిసారి వచ్చాడు. డిపో దాకా నేను తోడు వెళ్లాను. అక్కడన్నాడు, మొదటిసారే నీ పేరు రాయాల్సిందన్న ఆ మాట. నేను బస్సు కదులుతోందన్నాను. నిజానికి అది కదలలేదు. డ్రైవరు ఇంకా కిందే నిలబడి బీడీ తాగుతున్నాడు. ఆ మాట వింటూ నిలబడటం నావల్ల కాలేదు, అంతే.

తర్వాత పద్నాలుగేళ్లు అక్కడే చేశాను. సైట్లకు వెళ్లకపోయినా, కొత్తగా వచ్చిన పిల్లలు కాగితాలు పట్టుకుని వంటగదిలోకి వచ్చేవాళ్లు, అమ్మా ఆ వీధి ఎట్లాంటిది, ఆ ఇల్లు నిండుతుందా అని. తెలిసింది చెప్పేదాన్ని. మోటారు వేడి లాంటిది ఏదన్నా తగిలితే అదీ చెప్పేదాన్ని, నా మాటకు అడ్డం వచ్చినా సరే. వాళ్లు రాసుకున్నాక తలుపుకు అడ్డం నిలబడి, "ఏం రాసినవో చదువు, ఇని పంపుత," అనేదాన్ని. నవ్వేవాళ్లు. చదువు రానామెకు చదివి వినిపించాలా అనేవాళ్లు. చదువు వచ్చినవాళ్లు తామే చూసుకుంటారు కదా, వినిపించాల్సింది నాకే.

అంతే బిడ్డా. పెన్ను మూత పెట్టకు. అన్నింటికంటే ముందు సారు మాట ఉంది చూడు, అక్కడి నుంచి మెల్లగా చదువు. నేనన్నదీ నువ్వు రాసిందీ ఒకటేనా కాదా, వింటాను.